సెల్ఫ్ కొట్టొద్దు

ముంబై చలి అంటే కరీంనగర్ నుంచి వచ్చే మా చుట్టాలు నవ్వుతారు. శాంతాక్రూజ్‌లో ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠం 7.4 డిగ్రీలు, అదీ 1962 జనవరి 22న. నీళ్లు గడ్డకట్టే మాటే లేదు. చలిదేశాల్లో బోటు ఇంజన్ కష్టం వేరు. నీరు మంచయితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు పోత ఇనుప బ్లాకు పగిలిపోతుంది. అందుకే వాళ్లు మొదటి చలిరాత్రి రాకముందే ఇంజన్‌లో నీళ్లు వంపేస్తారు, లేకపోతే గ్లైకాల్ కలుపుతారు. మా దగ్గర ఇనుము పగలదు. డీజిల్ టాంకుకు లోపల చెమట పడుతుంది. 2018 డిసెంబరులో అరేబియా సముద్రం మీద నేను పడ్డ అవస్థంతా ఆ చెమట వల్లనే.

మాది దాదర్ తూర్పున నాయ్‌గావ్ బీడీడీ చాల్. ఇల్లంటే 160 చదరపు అడుగుల గది. నాయిన బట్టల మిల్లులో ఫిట్టరు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెతో ఆ పని పోయింది. ఆ సమ్మె ముగిసిందని ఈనాటికీ ఎవరూ ప్రకటించలేదు. మా చాల్‌లో కొందరు కూరగాయల బండి పెట్టుకున్నారు, కొందరు ఊరికి పోయారు. నాయిన రే రోడ్డు పక్క దారూఖానాకు పోయి, విరగ్గొట్టిన ఓడల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. బడి అయ్యాక నేనూ అక్కడే పానా పట్టాను. అమ్మమ్మ వాళ్లది కామాఠీపురా. ఆ గల్లీల పేరు చెప్తే జనం చూసే చూపు వేరు. ఈ నగరానికి రాళ్లు మోసి సున్నం కలిపిన తెలుగువాళ్ల పేట అదని చెప్పీ చెప్పీ అమ్మ విసిగిపోయింది.

ససూన్ డాక్‌లో ఒక శేట్ ట్రాలర్‌కు హెడ్ పని చేశాను. లారీ ఇంజన్‌ను బోటుకు మార్చిన ఆరు సిలిండర్ల యంత్రం. పని అయ్యాక, ఒక విడత వేటకు తోడు వెళ్లి ఇంజన్ నడక చూసి రమ్మన్నాడు. కలాసీలంతా శ్రీకాకుళం వాళ్లు, బోటుకు పెద్ద అయిన తండేలు కూడా. అప్పటికి కొద్ది రోజుల ముందే, నవంబరు ఆఖర్లో, గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన ఆంధ్ర కలాసీలు ఇరవై మందికి పైగా పాకిస్తాన్ చేతికి చిక్కారు. మా బోటులో ఒకరిద్దరికి వాళ్లు ఎరిగినవాళ్లు. అన్నం దగ్గర కూర్చున్నా, వల విప్పుతున్నా అదే మాట. (చాలామంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. 'తండేల్' సినిమా వచ్చింది ఆ సంగతి మీదే.)

దీపావళి తర్వాత ఆ బోటు చాలాకాలం సగం టాంకుతో రేవులో కట్టేసి ఉంది. పగలు ఎండకు టాంకులో గాలి వేడెక్కి తేమ పట్టుకుంటుంది. రాత్రి చల్లబడగానే ఆ తేమ ఖాళీగా ఉన్న పై గోడలకు బొట్లు కట్టి కిందికి జారుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు, కాబట్టి అడుగున చేరుతుంది. ఆ బోటులో టాంకుకూ చేపల గదికీ మధ్య ఒక్క రేకే అడ్డం. చేపల గదిలో టన్నుల కొద్దీ ఐసు. బయటి చలి చాలదన్నట్టు లోపలి చలి. టాంకు నింపి పంపమని శేట్‌కు చెప్పాను. ఈ విడత చేప అమ్మాక నింపుదాం అన్నాడు.

రేవుకు నలభై నాటికల్ మైళ్ల దూరంలో, అర్ధరాత్రి దాటాక, వల నీళ్లలో ఉండగా ఇంజన్ దగ్గింది. పొగగొట్టం నుంచి తెల్లపొగ వచ్చింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. ఇంజన్ చప్పుడు ఆగితే సముద్రం ఎంత చప్పుడు చేస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు.

డ్రైవరు కుర్రాడు వెంటనే సెల్ఫ్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అందరి చూపూ నా మీదే, హెడ్ విప్పింది నేనే కదా. "ఏటి మేస్త్రీ, నువ్వు సేసిన పనేనా ఇది?" అన్నాడు తండేలు. టార్చి పెట్టి ఫిల్టర్ గిన్నె విప్పాను. చేతిలో పడింది డీజిల్ కాదు, తుప్పు రంగు నీళ్లు. ముక్కు దగ్గర పెట్టి చూపించాను. ఆయన వాసన చూసి తల ఊపాడు, ఇంకేం అనలేదు.

గిన్నె కడిగి, చేతిపంపు కొట్టి, ఎయిర్ తీసి, మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంజన్ బద్ధకంగా తిరిగింది తప్ప అంటుకోలేదు. డీజిల్ ఇంజన్‌కు అగ్గిపుల్ల ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడే దానికి నిప్పు. చలికి ఆయిల్ చిక్కబడితే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, నెమ్మదిగా తిరిగితే వేడి పుట్టదు. ఈలోగా బ్యాటరీ అయిపోతుంది. తీగ పీకి జేబులో పెట్టుకుని, "ఇక సెల్ఫ్ కొట్టొద్దు, పొద్దెక్కే దాకా ఎవ్వరూ ముట్టొద్దు" అన్నాను. కుర్రాడు నన్ను కొట్టినంత పని చేశాడు.

వించి తిరగాలంటే కూడా ఇంజనే కావాలి. వల నీళ్లలోనే ఉండిపోయింది. కోసేద్దాం అన్నాడొకడు. తండేలు ఒప్పుకోలేదు. "ఒడ్డు గాలి కొడతన్నాది. వల ఒగ్గేస్తే తెల్లారేసరికి ఎక్కడికి పోతామో! అడుగున అదే మనకి లంగరు" అన్నాడు. ఆ రుతువులో రాత్రిపూట గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది, మధ్యాహ్నానికి ఎదురు తిరుగుతుంది. నీటి పోటేమో ఉత్తరం దిక్కుగా, గుజరాత్ వైపు. అంత దూరం కొట్టుకుపోయే పరిస్థితి కాదని ఆయనకూ తెలుసు. కానీ ఉత్తరం అనే మాట వినగానే బోటులో అందరూ ఊరుకున్నారు.

వల వెనకనుంచి పట్టి ఉంచడంతో అలలన్నీ వెనక డెక్కు మీదికే ఎక్కాయి. ఇంజన్ గదిలోకి నీళ్లు చిమ్ముతుంటే గోనెసంచులు, టార్పాలిన్ కప్పాం. నేను సముద్రం మనిషిని కాదు. కక్కుకున్నాను, కడుపులో ఏమీ లేకపోయినా కక్కుకున్నాను. తడిబట్టల మీద ఆ గాలి తగులుతుంటే పళ్లు టకటక కొట్టుకున్నాయి. డిగ్రీలెన్నో గాని, నాకు మాత్రం జ్వరం వచ్చినట్టే ఉంది.

వైర్‌లెస్‌లో పిలిస్తే జవాబు లేదు. ఆ సెట్టుకు, మాస్టు దీపానికి కలిపి ఒక చిన్న బ్యాటరీ. దాన్ని కూడా సెల్ఫ్‌కు కలుపుదాం అని కుర్రాడు పట్టుపట్టాడు. నేనూ ఒక క్షణం అదే ఆలోచించాను. తండేలు ఆ బ్యాటరీ మీద చెయ్యి వేసి, అది దీపానిది అన్నాడు.

దాని విలువ తెల్లారుజామున తెలిసింది. పడమటి నుంచి ఓడ దీపాలు. ఓడ మీద ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనిపిస్తే అది నేరుగా మన మీదికే వస్తున్నట్టు. రెండూ కనిపించాయి. పదహారో ఛానెల్‌లో తండేలు వచ్చీరాని హిందీలో పిలుస్తూనే ఉన్నాడు. గుడ్డలకు కిరసనాయిలు పోసి డబ్బాలో మంట పెట్టాం. టార్చి ఊపాం. ఒక కలాసీ లైఫ్ జాకెట్లు పంచాడు, అందరికీ సరిపోలేదు. మంట చూశారో, పిలుపు విన్నారో, మాస్టు దీపమే కనబడిందో, చాలాసేపటికి ఎరుపు దీపం ఒక్కటే మిగిలింది. కంటైనర్ల ఓడ. పక్క నుంచి పోతుంటే మిద్దెలు నడిచిపోతున్నట్టుంది. దాని వెనక అల మమ్మల్ని ఎత్తి పడేసినప్పుడు ఇంజన్ పునాది బోల్టు అంచుకు నా అరచెయ్యి చీరుకుంది. ఒకడు పసుపు అద్ది లుంగీ పీలిక కట్టాడు.

తెల్లారాక అసలు పని. టాంకు అడుగు మూత విప్పి నీళ్లు, మడ్డి వచ్చినంత దింపాం. పై డీజిల్‌ను క్యాన్లలోకి తోడి కదలకుండా నిలబెట్టాం. తేరుకున్నాక పైది మాత్రం గొట్టంతో లాగి, దళసరి గుడ్డలో వడకట్టి, ఒక క్యాను ఇంజన్ పైన కట్టాను. టాంకుతో పని లేకుండా దాన్నుంచి సెలైన్ ఎక్కించినట్టు నేరుగా పంపుకు. నాజిళ్లు ఆరూ విప్పి డీజిల్‌లో కడిగాను. ఒకటి పట్టేసింది, ఎంత తట్టినా రాలేదు. దాన్ని ఒదిలి అయిదింటితోనే నడుపుదాం అనుకున్నాను. చీరిన చేత్తో పైపు నట్లు బిగించడం గురించి రాయాలని లేదు.

బ్యాటరీలు డెక్కు మీదికి ఎక్కించి ఎండలో పెట్టాం. ఊరుకోనిస్తే, వెచ్చబడితే, అవి కొంత తేరుకుంటాయి. ఇంకోటి చేశాను, అది నాయిన నేర్పిన పని. ఇంజన్‌లో తిరిగే మంచినీళ్లను అన్నం వండే తపేలాలోకి దింపి, స్టవ్ మీద మరిగించి, మళ్లీ ఇంజన్‌లో పోశాను. తాగే నీళ్లు ముట్టలేదు. సముద్రపు నీళ్లు పోస్తే లోపల తుప్పు. తపేలా పాడయిందని వంటవాడు తిట్టాడు. బ్లాకు మీద చెయ్యి పెట్టి చూస్తుంటే మెల్లగా వెచ్చబడింది. ఆ నీళ్లే దింపి, మళ్లీ మరిగించి, మళ్లీ పోశాం.

మిట్టమధ్యాహ్నం బ్యాటరీలు దించి తీగ కలిపాను. గాలి లోపలికి పోయే గొట్టం దగ్గర కాలే గుడ్డ పట్టమని ఒకడికి చెప్పాను. కుర్రాడు నా మొహం చూశాడు. ఇప్పుడు కొట్టు అన్నాను. ఒక చుట్టు, రెండు చుట్లు, ఒక సిలిండర్ అంటుకుంది, తర్వాత ఇంకోటి. కుంటుతూ, వణుకుతూ, నల్లపొగ కక్కుతూ నడిచింది. ఎవరూ కేకలు వేయలేదు. తండేలు వించి దగ్గరికి పరుగెత్తాడు, వల ఎత్తాలి కదా.

అయిదు సిలిండర్లతో ఎడ్లబండి నడక. మొబైల్ సిగ్నల్ అందగానే కలాసీలు ముందు ఇళ్లకు ఫోన్లు చేశారు, తర్వాత శేట్‌కు. ఆ రాత్రి ససూన్ డాక్‌లో కట్టేసరికి ఐసు సగం కరిగి చేప మెత్తబడింది. అక్కడి నుంచి దాదర్ చేరి చాల్ మెట్లెక్కుతుంటే మెట్లే ఊగాయి. మా ఆవిడ చెయ్యి చూసి, "దారూఖానాల తెగినా గిట్లనే తెగుతుండె, సముద్రం దాంక పోవుడెందుకు?" అంది.

ఇప్పుడు దసరా దాటిందంటే నా దగ్గరికి వచ్చే బోటువాళ్లకు అడిగినా అడగకపోయినా చెప్తాను. రేవుకు రాగానే టాంకు మెడదాకా నింపండి. పొద్దున్నే సెల్ఫ్ ముట్టకముందు ఫిల్టర్ గిన్నె అడుగు నీళ్లు వదలండి. ముంబైలో నలభై గ్రేడు ఆయిల్ చాలనుకోకుండా పదిహేను-నలభై పోయండి. రాత్రి ఇంజన్ గదిలో చిన్న బల్బు వెలిగించి గోనె కప్పండి, సెల్ఫ్‌కు చెమ్మ పట్టదు. కొందరు చేస్తారు. బల్బుకు కరెంటు దండగ అనేవాళ్లు ఎక్కువ.

శేట్ ఆ విడత నష్టం కలాసీల వాటాలో కోశాడు. నా హెడ్ పని బిల్లులో కూడా సగం ఆపాడు, ఇంజన్ ఆగింది కాబట్టి అని. తుప్పు నీళ్ల సీసా ఆయన బల్ల మీద పెట్టాను. తండేలు వచ్చి నా పక్కన నిలబడి సాక్ష్యం చెప్పాడు; కలాసీల వాటా సంగతి కూడా అక్కడే ఎత్తాడు. నా సగం హోలీకి వచ్చింది. వాళ్ల కోత మాత్రం తిరిగి రాలేదు. సంక్రాంతికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ఆ జట్టులో ఇద్దరు మళ్లీ ఆ బోటుకు రాలేదు.