మతిమరుపు వైద్యం

ఓవర్‌క్లాకింగ్ నేర్పే వీడియోలన్నీ చలిదేశాల్లో తీసినవేనని నాకు గట్టి అనుమానం. ప్రాసెసర్‌ను ఎంత వేగంగా తోలవచ్చో చెబుతారు, ఎంత వోల్టేజీ ఇవ్వాలో చెబుతారు, తాము కూర్చున్న గది ఎంత చల్లగా ఉందో మాత్రం చెప్పరు. ప్రాసెసర్ మీద బిగించిన ఫ్యాను ఎంత ఖరీదైనదైనా, చిప్పును గదిలో ఉన్న గాలికన్నా చల్లబరచలేదు. 22 డిగ్రీల గదిలో 75 చూపించే చిప్పు, మే నెల మధ్యాహ్నం మా చందూర్‌లో 44 డిగ్రీల రేకుల గదిలో అదే పనికి 97 దాకా పోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి చాలా ఇంటెల్ చిప్పులు తమంతట తామే నెమ్మదిస్తాయి. పెంచిన వేగం ఎండ పాలన్నమాట.

మా అన్న కొడుకు ఈ లెక్క వేయలేదు. డిగ్రీ సెలవులు, రాత్రి పూట, ఇంటిల్లిపాదీ డాబా మీద నిద్ర. బోర్డు సెట్టింగులు మార్చే బయోస్‌లోకి పోయి ప్రాసెసర్ వేగం పెంచాడు, దానికి తగ్గట్టు వోల్టేజీ పెంచాడు, పనిలో పనిగా ర్యామ్‌నూ ఒక మెట్టు ఎక్కించాడు. సేవ్ కొట్టాడు. ఫ్యాన్లు తిరిగాయి, రంగు లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. కాసేపటికి దానంతట అదే ఆగింది, మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. తెల్లారి క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని నిజామాబాద్ తీసుకుపోతే, ఒక దుకాణంలో మూతైనా విప్పకుండా తీర్పు చెప్పేశారు.

"చిన్నాయనా, బోర్డు కాలిపోయిందంటున్నరు. కొత్తది ఎయ్యాల్నట."

"మాడు వాసన వచ్చిందారా?"

"రాలె."

"ఫ్యాన్లు తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయి."

"అయితే ఇంటికి తెచ్చెయ్."

ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం కాలిపోయినవి కావు. మనం ఇచ్చిన అసాధ్యమైన ఆదేశాన్ని బోర్డు మరిచిపోలేకపోతోంది, అంతే. ఆ అంకెలు మదర్‌బోర్డు మీద ఒక చిన్న జ్ఞాపకంలో ఉంటాయి. కరెంటు తీసేసినా అది చెదరకుండా రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఒకటి, సీఆర్ 2032, మూడు వోల్టులది, దాన్ని కాపాడుతూ ఉంటుంది. ఆన్ చేసినప్పుడల్లా బోర్డు ఆ అంకెలే చదువుతుంది, అవే పాటించబోతుంది, అక్కడే కూలబడుతుంది. చాలా కొత్త బోర్డులు కొన్నిసార్లు తంటాలు పడి, తమంతట తామే పాత అంకెలకు దిగొస్తాయి. దిగిరాకపోతే మనమే మరిపించాలి.

అందుకు ప్లగ్గు పీకాలి. పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టి, లోపల మిగిలిన కరెంటును వదిలించాలి. సెల్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. కొన్ని బోర్డుల్లో సెట్టింగులు వేరే చిప్పులో ఉంటాయి కాబట్టి సెల్ తీసినా లొంగవు. వాటికోసం సీమాస్ క్లియర్ అని రాసి ఉన్న రెండు పిన్నులుంటాయి. ప్లగ్గు పీకే ఉండగా ఆ రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో కలిపితే చాలు. అప్పటికీ తెర వెలగకపోతే ర్యామ్ ముక్కల్లో ఒక్కటే ఉంచి చూడాలి. మావాడికి పిన్నుల దగ్గరే పని అయిపోయింది. తేదీ మాత్రం ఏదో పాత సంవత్సరానికి పోయింది. దాంతో బ్రౌజర్ ఏ సైటు తెరిచినా నమ్మనని మొరాయించింది. తేదీ సరిచేస్తే ఊరుకుంది.

ఇంత తేలికని ఎవరూ చెప్పకపోవడం వల్లే మదర్‌బోర్డులు అమ్ముడవుతున్నాయని నా నమ్మకం.

పక్కన మంచం మీద కూర్చుని మా నాయన ఇదంతా చూస్తున్నాడు. బోధన్ శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. "ప్రెజరు పెంచెటోడు ముందు వాల్వు ఏడున్నదో చూస్కోవాలెరా" అన్నాడు మనవడితో. మాన్యువల్ మొత్తం చదివినా అంతకన్నా మంచి మాట దొరకదు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మళ్లీ తెరుస్తారన్న మాట ఎన్నికల్లా వచ్చిపోతూనే ఉంది. దానికి రీసెట్ పిన్నులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలిసినట్టు లేదు.

ఈ ఓవర్‌క్లాకింగ్ పిచ్చి పిల్లలకు ఊరికే పట్టలేదు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక చిప్పు వచ్చింది. చిప్పును బోర్డుతో కలిపే బస్సు వేగాన్ని 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, చాలా చిప్పులు చలించకుండా నడిచేవి. సగానికి సగం లాభం, పైసా ఖర్చు లేకుండా! ఆ రుచే ఇప్పటికీ నడిపిస్తోంది. ఇప్పుడా మిగులును కంపెనీలే టర్బో పేరుతో ముందే పిండేసుకుంటున్నాయి, మనకు మిగిలేది పిప్పి. పైగా వేగం పది శాతం, వోల్టేజీ పది శాతం పెంచితే, వోల్టేజీ వర్గం లెక్కలోకి వస్తుంది కాబట్టి వేడి మూడో వంతు పెరుగుతుంది. ఆ వేడి తగ్గించడానికి మావాడు క్యాబినెట్ తలుపు తీసి ఎదురుగా కూలర్ పెట్టాడు. తడిగాలిని నేరుగా బోర్డు మీదికి కొట్టించడం! అది చూసినప్పుడే నాకు నిజంగా కోపం వచ్చింది.

మరిపించి బాగుచేయలేనిది ఒకటుంది. ఎక్కువ వోల్టేజీతో చాలాకాలం నడిచిన చిప్పు లోలోపల అరిగిపోతుంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించి వోల్టేజీ అడుగుతున్నాయని ఆ సంస్థే ఒప్పుకుంది, మైక్రోకోడ్ దిద్దుబాటు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. దిద్దుబాటు కొత్త నష్టాన్ని ఆపుతుందే గాని, అప్పటికే దెబ్బతిన్నవాటిని మాన్పదని కూడా చెప్పింది. ఇంకో సంగతి. తడబడే ర్యామ్‌తో నడిచిన కాసేపట్లో డిస్క్ మీద తప్పుడు రాతలు పడి ఉండొచ్చు. అందుకే లేచి కూర్చున్న కంప్యూటర్‌కు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి ఒక రాత్రి వదిలేయడం, విండోస్ ఫైళ్లను తనిఖీ చేయించడం మంచిది.

ఒక్కటి మాత్రం చేయకండి. తెర వచ్చిన సంబరంలో బయోస్ అప్‌డేట్ మొదలుపెట్టకండి. మే నెల గాలిదుమారానికి మన లైన్లు ఎప్పుడు ట్రిప్పవుతాయో చెప్పలేం. సగం రాసిన బయోస్‌ను బటన్ సెల్ కాపాడదు, అప్పుడు దుకాణం వాడి తీర్పే నిజమవుతుంది. యూపీఎస్ ఉంటేనే ఆ పని. ఇక మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లవాడు ఉంటే వద్దని చెప్పినా ఆగడు. వాడిచేత ముందు పాత అంకెలన్నీ కాగితం మీద రాయించండి, ఆ రెండు పిన్నులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి, మిగతాది వానలు పడ్డాక చూసుకోమనండి.