దంత్యాక్షరాలూ, సన్నని మేకులూ

శనగలున్నవాడికి పళ్ళుండవని సామెత. సామెత తిండి గురించి చెప్పింది గానీ, పళ్ళు పోయిన మనిషిని తిండి కంటే ఎక్కువగా బాధించేది మాట తడబడటమేనని నాకు మా నాన్నగారిని చూశాక తెలిసింది.

మన వ్యాకరణం త, థ, ద, ధ, నలను దంత్యాలన్నది. చలి, చాప, జాము వంటి మాటల్లోని చ, జలు కూడా దంత్యాలేనని చిన్నయసూరి వ్యాకరణం చదివినవారందరికీ తెలుసు. నాన్నగారు ముప్ఫయ్యేళ్ళకు పైగా ఈ పాఠాన్నే పిల్లలకు చెప్పి, తెలుగు పండితులుగా ఉద్యోగ విరమణ చేశారు. పళ్ళన్నీ పోయి సెట్టు కట్టించుకున్నాక ఆ అక్షరాలే ఆయన మాట వినడం మానేశాయి. పై సెట్టు అంగిలిని కరచుకుని బాగానే నిలిచింది. కింది సెట్టు మాత్రం నాలుక కదిలినప్పుడల్లా లేచేది. క్రమంగా ఆయన పద్యం చదవడం మానుకున్నారు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా పంక్తిలో కూర్చునేవారు కారు.

కింది సెట్టు నిలవకపోవడంలో కట్టినవారి తప్పేమీ లేదు. పంటి వేరు పోయిన చోట దవడ ఎముకకు పని ఉండదు. పనిలేని ఎముక ఏటేటా అరిగిపోతుంది. ఈ అరుగుదల పై దవడలో కంటే కింది దవడలోనే ఎక్కువ. పైగా అక్కడ అతుక్కోవడానికి అంగిలి వంటి విశాలమైన చోటు లేదు. ఉన్న కాస్త గట్టును నాలుక ఒకవైపు నుంచీ, పెదవీ బుగ్గలూ మరొకవైపు నుంచీ నెడుతూనే ఉంటాయి.

దీనికి ఇంప్లాంటు మంచి ఉపాయం. 1952లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే అది రాలేదు. ఎముక దానిని తనలో కలిపేసుకుంది. 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం వేర్లు నాటారు. పళ్ళన్నీ పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టే మొదటగా సూచించదగిన వైద్యమని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు.

మా దంతవైద్యుడు కూడా ముందు అదే చెప్పారు. అయితే మామూలు ఇంప్లాంటు లావు సుమారు మూడున్నర మిల్లీమీటర్ల నుంచి ఐదు దాకా ఉంటుంది. దానికి రెండు పక్కలా ఎముక మిగలాలి. నాన్నగారి దవడ గట్టు అంత వెడల్పుగా లేదు. ఎముక అంటువేసి, అది గట్టిపడేదాకా నెలల తరబడి ఆగి, ఆ తరువాత ఇంప్లాంటు నాటి, మళ్ళీ ఆగాలి. ఆయనకు 76 ఏళ్ళు. గుండె కోసం రక్తాన్ని పలచబరిచే మందు వాడుతున్నారు.

రెండవ దారి మినీ ఇంప్లాంట్లు. వీటి లావు మూడు మిల్లీమీటర్ల లోపే. న్యూయార్కు దంతవైద్యుడు విక్టర్ సెండాక్స్ వీటికి ఆద్యుడు. పెద్ద ఇంప్లాంట్లు ఎముకలో కుదురుకునేదాకా తాత్కాలికపు సెట్టును నిలపడానికి మొదట వీటిని వాడేవారు. బాగా నిలిచినవి కనబడటంతో శాశ్వతంగానూ వాడసాగారు. మామూలు ఇంప్లాంటులో వేరు వేరు, తల వేరు. దీనిలో రెండూ ఒకటే ముక్క. చిగురు పైన చిన్న గుండు తల కనిపిస్తుంది. సెట్టు అడుగున అమర్చిన రబ్బరు చుట్టు ఆ గుండును పట్టుకుంటుంది, చొక్కాకు ప్రెస్ బటను పట్టినట్లు.

విదేశంలో ఉన్న తమ్ముడు ఫోనులో అడ్డు చెప్పాడు. "సన్నవి విరుగుతాయి అన్నయ్యా, పెద్దవే వేయించు" అన్నాడు. అతని భయం నిజమైనదే. సన్నని లోహం బరువుకు త్వరగా అలసిపోతుంది, అరుదుగా విరుగుతుంది. అందుకే కింది దవడలో రెండింటికి బదులు నాలుగు వేస్తారు. ఒక్కొక్కటి చవకే అయినా నాలుగు కలిపితే ఎంతవుతుందో లెక్క చూసుకోవాలి. నమిలే బరువంతా పడే దవడపంటి చోట ఒంటి మినీ మీద పన్ను కట్టడం మంచిది కాదు. నిద్రలో పళ్ళు నూరేవారికీ, మధుమేహం అదుపులో లేనివారికీ, పొగ మాననివారికీ ప్రమాదం ఎక్కువ.

అంతా విని నాన్నగారు, "ఒరే, నాకు నూరేళ్ళ పునాది వద్దురా. మాట నిలబడితే చాలు" అన్నారు. ఇచ్చిన మాట తప్పని మనిషి నోట ఆ శ్లేష వచ్చేసరికి తమ్ముడు కూడా నవ్వేశాడు.

గుండె వైద్యుని సలహా తీసుకుని, చిగురు కోయకుండానే, స్థానికంగా మత్తు ఇచ్చి, ఒక్క పూటలో నాలుగూ వేశారు. అవి ఎముకలో తగినంత బిగువుగా దిగడంతో పాత సెట్టునే అదే రోజు వాటి మీద నిలిపారు. బిగువు చాలకపోతే కొన్నాళ్ళు మెత్తని పూతతో వాడవలసి వచ్చేదట.

ఇది జరిగి రెండేళ్ళయింది. రబ్బరు చుట్లు ఒకసారి అరిగితే మార్పించాము. రోజూ రాత్రి సెట్టు తీసి, ఆ నాలుగు గుండ్ల చుట్టూ మెత్తని బ్రష్షుతో శుభ్రం చేసుకోవడం నాన్నగారికి సంధ్యావందనమంత నియమం. చేగోడీల జోలికి ఇప్పటికీ పోరు. ఎముక దండిగా ఉండి, వయసూ ఓపికా ఉన్నవారికి నేను మినీలు చెప్పను, పెద్దవే మేలు. కానీ ఎముక అరిగి, పెద్ద శస్త్రచికిత్సకు ఒళ్ళు ఓర్చుకోలేని పెద్దలు మీ ఇంట ఉంటే, "ఈ వయసులో ఇంక పళ్ళెందుకు" అని మాత్రం అనకండి. వారు కోరేది శనగలు కాకపోవచ్చు.