దోర్నకల్ మందిరము గుమ్మము దగ్గర



మా సంఘములో క్రొత్త మందిరము కట్టడము మొదలుపెట్టి మూడేండ్లయింది. గోడలు లేచాయి, స్లాబు పడింది. ఇక సున్నాలు, రంగులే మిగిలాయి అనుకొనే సమయానికి శిలాఫలకము దగ్గర పేచీ వచ్చింది. ఎవరి పేరు పైన, ఎవరి పేరు క్రింద? ఇద్దరు పెద్దలు మూడు నెలలుగా ఒకరికొకరు వందనము చెప్పుకొనుట మానివేశారు. మిగతా మేమందరము కూడా మంచివారమేమీ కాదు. ఆ జాబితాలో మా పేరు ఎన్నవదో ప్రతివాడమూ ఒకసారి చూసుకొన్నవారమే. ఈ సంగతి దాచిపెట్టి వ్రాస్తే ఈ ప్రయాణము ఎందుకు చేశామో మీకు అర్థము కాదు. మా పాస్టరు అయ్యగారు ఎవరినీ గద్దించలేదు. "గోపురము ఎట్లా పెట్టుకోవాలో చూసి వద్దాము, దోర్నకల్ పోదాము రండి" అన్నారు, అంతే.

జనవరి మొదటి వారములో పదకొండు మందిమి వరంగల్‌లో రైలు ఎక్కాము. ఆ ఇద్దరు పెద్దలు రెండు వేరువేరు కిటికీల దగ్గర కూర్చున్నారు. కేసముద్రము దాటిన తరువాత చేలగట్ల మీద ఆరబోసిన మిరపకాయలు ఎర్రని దుప్పట్లు పరచినట్లు కనిపించాయి. మహబూబాబాద్ స్టేషనులో రైలు ఆగింది. పెద్దవాళ్ల నోట ఆ ఊరు ఇప్పటికీ మానుకోటే. 2016 అక్టోబరులో అది జిల్లా కేంద్రమయింది. అంతవరకు వరంగల్ జిల్లాలో ఉన్న దోర్నకల్ ఇప్పుడు ఈ జిల్లాలోనిదే. ఆ పైన గుండ్రాతిమడుగు, గార్ల, ఆ తరువాత దోర్నకల్ జంక్షన్. ఇక్కడ నుండే ఒక లైను చీలి బొగ్గుగనుల వైపు పోతుంది.

ఎపిఫనీ కెథీడ్రల్ ముందు నిలబడగానే గోపురము సంగతి మరచిపోయాము. అది ఏ దేశపు గుడి అని ఎవరైనా అడిగితే మన దేశపుదే అని చెప్పాలి. గుమ్మటములు మసీదును తలపిస్తాయి, స్తంభములు దేవాలయ మండపమును తలపిస్తాయి, పైన సిలువ ఉన్నది. ఏండ్ల తరబడి కట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. తూర్పు దేశపు జ్ఞానులు శిశువుకు సాగిలపడిన సంగతి మన సంఘములు జ్ఞాపకము చేసుకొనే దినము అది. అంత పెద్ద కట్టడమునకు ఆ మోకరింపు పేరు పెట్టారు.

గుమ్మము దగ్గర ఒక ముసలమ్మ నేల తుడుస్తూ ఉన్నది. "చెప్పులు ఆడనే ఇడువుండ్రి బిడ్డా, ఇప్పుడే తుడిచిన" అన్నది. మా వారిలో ఆ మూడు నెలల పెద్దలలో ఒకాయన బూట్లు వేసుకొని వచ్చాడు. లేసులు ముడిపడిపోయాయి. నడుము నొప్పి మనిషి, వంగలేకపోతున్నాడు. ఎవరము ముందుకు పోవాలా అని చూస్తుండగా ఆ ముసలమ్మే చీపురు ప్రక్కన పెట్టి, కూర్చుండి ఆ ముడి విప్పింది. ఆయన ముఖము చూడలేకపోయాము.

లోపల చల్లగా ఉన్నది. చాలాసేపు కూర్చున్నాము. అయ్యగారు వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారిని గూర్చి చెప్పారు. 1874లో తిరునల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై అనే గ్రామములో ఒక పల్లెటూరి పాస్టరు కుమారుడుగా పుట్టాడు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగేవాడు, పేరున్నవాడు. 1905లో సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించినవారిలో ఒకడు. అటువంటివాడు 1909లో ఆ ఉద్యోగము విడిచి, నైజాము రాజ్యములోని ఈ మారుమూలకు సామాన్య మిషనరీగా వచ్చాడు. మాతృభాష తమిళము. దాదాపు ముప్పై అయిదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొన్నాడు. భాష నేర్చుకొనే పెద్దవాడు తప్పులు పలుకుతాడు, చిన్నపిల్లలు నవ్వుతారు. అందరికంటే బాగా మాట్లాడగలవాడు నోరు తెరిస్తే నవ్వులపాలయ్యే చోటికి తానై రావడము చిన్న సంగతి కాదు.

అయితే వినయము అంటే నోరు మూసుకొని ఉండటమేనా? మనలో చాలమంది అట్లాగే అనుకొంటారు, మేమూ అనుకొన్నాము. 1910లో ఎడింబరోలో లోకమంతటి మిషనరీల మహాసభ జరిగింది. అజరయ్య గారు దానిలో నిలబడి, మిషనరీలు తమ ఆస్తిని, ప్రాణమును సయితము ఇచ్చారు గాని భారతీయులకు స్నేహము ఇవ్వలేదనీ, మాకు కావలసింది స్నేహితులనీ వారి ముఖము మీదనే చెప్పాడు. అక్కడున్న కొందరికి కోపము వచ్చింది. ఆయన చెప్పింది మాత్రము సత్యము.

రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడ్డాడు. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఈ "మొట్టమొదటి" అనే మాటను మనము క్యాలెండర్ల మీద వేసుకొని గర్వపడుతున్నాము. ఆయన చేసిన పని మాత్రము పల్లెల వెంట తిరగడము. ఆయన దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వారు. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తల మీదనే పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని అందరి యెదుట ఒప్పుకొనేవారు. ఊరి దొర యెదుట ఏనాడూ తల ఎత్తని మనిషి తన తలను తానే ముట్టుకొని దేవుని పేర మాట ఇవ్వడము! అటువంటివానికి "తగ్గించుకో" అని బోధించేముందు ఎవరైనా ఆలోచించాలి. వంగవలసినవారు వేరే ఉన్నారు.

ఇవ్వడమును గూర్చి ఆయన ఒక పుస్తకము కూడా వ్రాశాడు. మన అమ్మలు వంట చేసేముందు పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసిపెట్టే అలవాటు మీకు తెలిసినదే. ఆ పిడికెడులో ఎవరిది ఏ గింజో ఎవరు చెప్పగలరు? ఈ మాట అయ్యగారు అనలేదు, మా జట్టులోని ఒక అక్క అన్నది. ఎవరూ జవాబు చెప్పలేదు.

సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశము మొదలుకొని ఆయన పాటుపడ్డాడు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించాడు. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. కంటితో చూడలేదు.

బయటకు వచ్చేసరికి ముసలమ్మ లేదు. చీపురు గోడకు ఆనించి ఉన్నది. బూట్ల పెద్దాయన మెట్టు మీద కూర్చొని లేసులతో అవస్థ పడుతుండగా రెండవ పెద్దాయన మాట్లాడకుండా వచ్చి, ఒక కాలి లేసు తాను కట్టాడు. రెండవ కాలిది ఆయనే కట్టుకొన్నాడు.

తిరుగు రైలులో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మాటలు ఏమంత జరగలేదు. గార్ల దాటిన తరువాత ఒకాయన పల్లీల పొట్లము విప్పి మధ్యలో పెట్టాడు. శిలాఫలకము మీద ఏమి చెక్కించాలో ఇంకా తేలలేదు. పేర్ల జాబితా కోశాధికారి జేబులోనే ఉన్నది. దానిని బయటకు తీయమని ఇంతవరకు ఎవరమూ అడగలేదు.