మేము చెప్పనివ్వని సాక్ష్యం



పోయిన శనివారం రైలు తాత ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆయన మనలను విడిచి అప్పుడే ఏడాది. కూడిక అయ్యాక అన్నాలు వడ్డిస్తుంటే, వాళ్ళ పెద్ద కోడలు లోపలికి పోయి గోనెసంచిలో చుట్టినదేదో తెచ్చి మా ముందు పెట్టింది. విప్పితే బొగ్గు పార. మామూలు మట్టి పార కాదు. పిడి పొట్టిగా, రేకు సన్నగా పొడుగ్గా, అంచులు లోపలికి వంగి ఉంటాయి. "మామ పోయేముందు చెప్పినాడు అయ్యగారూ, దీన్ని గుడికియ్యమని. ఇన్నాళ్ళు మాకు మనసు రాలేదు" అంది. పార పిడికి దారంతో ఒక చిన్న ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది. అందులో మడత పెట్టిన రసీదు. షెడ్డులో పాత సామాను పాటకు పెట్టినప్పుడు డబ్బులు కట్టి కొన్నానని, రైల్వే సొత్తు ఎత్తుకొచ్చినవాణ్ణి కాదని ఆయన అందరికీ చూపించే రసీదే అది. అక్షరాలు చెరిగిపోయాయి, కాగితం మాత్రం మిగిలింది.

ఆ పారను చేతిలోకి తీసుకోవడానికి మాకు ముఖం చెల్లలేదు. ఎందుకో ఈ వారం రాస్తున్నాము.

చిన్న పిల్లలకు తెలియదు గనుక కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన ఆళ్ళగడ్డకు రైలు ఏనాడూ లేదు. 2016లో నంద్యాల నుండి ఎర్రగుంట్లకు కొత్త లైను తెరిచారు గాని, అది బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోయింది, మనల్ని తాకలేదు. మనకు రైలంటే నంద్యాలే. శిరివెళ్ళ మీదుగా నలభై కిలోమీటర్లు బస్సులో పోయి రైలు చూడాలి. అంతకు ముందు కాలం ఇంకా కష్టం. కలసపాడు, ముత్యాలపాడులలో పాత మిషను పని మొదలైన రోజుల్లో దొరలైనా ఉపదేశకులైనా ఎద్దులబండిమీదో గుర్రంమీదో కాలినడకనో తిరిగినవాళ్ళే. నంద్యాలకు రైలు వచ్చింది ఆ తర్వాతి మాట.

ఆ లైను గుంటూరు నుండి గుంతకల్లుకు పోయే మీటర్ గేజి. రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు ఎడం. ఇప్పుడున్న పెద్ద లైనుకు 1676 మిల్లీమీటర్లు. తేడా చూడండి, మూరన్నర! గాజులపల్లె దాటితే నల్లమల మొదలు. చలమ, బొగద, ఆ తర్వాత దిగువమెట్ట, గిద్దలూరు. బొగద అంటేనే సొరంగం. ఊరి పేరే అది. దారిలో దొరబావి దగ్గర లోయమీద ఇనుప స్తంభాల వంతెన ఒకటి ఉండేది. తొంభైలలో లైను వెడల్పు చేసినప్పుడు పట్టాల దారి మార్చారు, ఆ పాత వంతెన మీద బండ్లు నడవడం ఆగిపోయింది.

మాలో ఒకరు, అంటే అమ్మగారు, గిద్దలూరు ఆడపడుచు. ఆమెకు పొగబండి ఇంటి ముందర సంగతి. ఉతికి ఆరేసిన బట్టల మీద మసి పడుతుందని, బండి టైము చూసుకుని వాళ్ళమ్మ బట్టలు తీసేదట. మాలో రెండవవారికి మొదటి రైలు పదేళ్ళ వయసులో, నంద్యాల స్టేషనులో. ఇంజిను ఆవిరి వదిలేసరికి భయపడి నాన్న పంచె పట్టుకుని ఏడ్చిన సంగతి ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుని నవ్వుతారు.

రైలు తాత గుంతకల్లు షెడ్డులో ఫైర్‌మన్. మేము ఈ సంఘానికి వచ్చేటప్పటికే ఆయన రిటైరై ఊళ్ళో ఉన్నాడు. మొదటి వరుసలో, గోడవారగా కూర్చునేవాడు. మేము వాక్యం చెబుతుంటే ఆయన ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. మేము కొత్త సేవకులము, ఉడుకు రక్తము. ఈయనకు వాక్యం మీద ఆసక్తి లేదని మాలో మేము అనుకున్నాము.

నెలకొకసారి సాక్ష్యాల కూడిక పెట్టేవాళ్ళం. ఆయన లేచేవాడు. లేచి ఏం చెప్పేవాడు? ఇంజిను సంగతులు. బాయిలరులో నీళ్ళెంతున్నాయో చూపే గాజు గొట్టం ఉంటుందని, బండి ఎక్కుడులో ఉంటే నీళ్ళు వెనక్కి వచ్చి గొట్టంలో ఎక్కువ కనిపిస్తాయని, దిగుడుకు వంగితే ముందుకు పోయి తక్కువ కనిపిస్తాయని, గొట్టం నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఫైర్‌మనే తెలుసుకోవాలని. చేతులతో చూపిస్తూ నిదానంగా చెప్పేవాడు. కుర్రాళ్ళు మోచేతులతో పొడుచుకునేవారు. మూడో నెలో నాలుగో నెలో, ఆయన ఆ గాజు గొట్టం దగ్గరికి రాగానే మేము లేచి, "దేవునికి స్తోత్రం, తాతా, సమయం అయింది" అని పాట ఎత్తుకున్నాము. సంఘమంతా అందుకుంది. ఆయన కాసేపు నిలబడి కూర్చున్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయన సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. మేము అది గమనించనైనా లేదు. కూడిక త్వరగా ముగుస్తున్నందుకు సంతోషించాము కాబోలు.

పదకొండేళ్ళ తర్వాత ఆయనకు చెవుల పరీక్ష కోసం గుంటూరు తీసుకుపోవలసి వచ్చింది. కొడుకులు పనుల్లో ఉంటే మేమిద్దరమూ తోడు వెళ్ళాము. నంద్యాలలో పగటి బండి ఎక్కాము. డాక్టరమ్మ తరువాత చెప్పినదేమంటే, ఆయన చెవులు ఎప్పుడో ముప్పై ఏళ్ళ క్రితమే పోయాయట, కొలిమి పక్కన నిలబడిన మోతకు. మొదటి వరుసలో కూర్చున్నది మా పెదవులు చూడడానికి. ఆ రోజు రైల్లో మాకింకా ఆ సంగతి తెలియదు. ఆయన పక్కన కూర్చుని గట్టిగా అరుస్తూ మాట్లాడుతున్నాము, అంతే.

గాజులపల్లె దాటాక ఆయన కిటికీ వైపు జరిగాడు. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఇంజిన్ల పేర్లు. సాధారణంగా ప్రయాణీకుల బండికి వైపీ, గూడ్సుకు వైజీ. వైజీకి ఎనిమిది చక్రాలు లాగుతాయి. బాయిలరులో చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడి. ఇంజినుమీద ముగ్గురు: డ్రైవరు, మొదటి ఫైర్‌మన్, రెండవ ఫైర్‌మన్. రెండవవాడు టెండరులో బొగ్గు పగలగొట్టి ముందుకు తోయాలి, మొదటివాడు కొలిమిలో వెయ్యాలి. "కుప్ప పోస్తే మంట సస్తాది అయ్యగారూ. పల్చగా సల్లాల. మూలలకు రవ్వంత ఎక్కువ. గొట్టంలోంచి నల్లపొగ వస్తాంటే బొగ్గు దండగ చేస్తాండావని అర్థం. లేత బూడిద రంగు రావాల." మణికట్టును ఎలా తిప్పాలో గాలిలో చూపించాడు. ఎదుటి సీటులో కూర్చున్న ముస్లిం దంపతులు కూడా వింటున్నారు.

అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టడం, పుస్తకంలో సంతకం పెట్టి డబ్బా పట్టుకుని షెడ్డుకు పోవడం, రన్నింగ్ రూములో వండుకోవడం అన్నీ చెప్పాడు. బొగ్గులో బూడిద పాలు ఎక్కువని, దారిలో కొలిమి కెలికి బూడిద రాల్చలేక నడుములు పడిపోయేవని చెప్పాడు. నిర్గమకాండం చదివినప్పుడల్లా నవ్వొచ్చేదట. పగలు మేఘ స్తంభం, రాత్రి అగ్ని స్తంభం. "మా బండి గూడా అంతే గదా అయ్యగారూ. పగులంతా పొగ, రాత్రంతా మంట. ఎనక జనం నడుస్తానే ఉండ్రి."

చలమ దాటింది. అప్పుడు ఆ గాజు గొట్టం సంగతి మొదలుపెట్టాడు. ఈసారి పాట ఎత్తుకోవడానికి లేదు.

వానాకాలం. గుంటూరు వైపు పోయే గూడ్సు. పట్టాలు తడిసి చక్రాలు జారుతున్నాయి. ఇసుక వదులుతూ, వదులుతూ, పాత సొరంగంలో సగం దూరం పోయాక బండి నిలిచిపోయింది. ఆవిరి ఇంజిను సొరంగంలో నిలిచిపోవడమంటే ఏమిటో మనకు తెలియదు. పొగ పైకి పోవడానికి చోటు లేదు. వేడి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, నేలమీదికి వంగితే కాస్త గాలి దొరుకుతుంది. డ్రైవరు వంగలేదు. చక్రాలు పట్టుకుంటాయేమోనని రెగ్యులేటరు మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నాడు. అలాగే పడిపోయాడు. రెండవ ఫైర్‌మన్ పసివాడు, ఏడుస్తున్నాడు.

తాత లాంతరు గాజు గొట్టానికి ఆనించి చూశాడు. నీళ్ళు కనిపించలేదు. పొగవల్ల కనిపించలేదా, నిజంగా లేవా? కొలిమి పైకప్పు మీద నీళ్ళు లేకపోతే సీసపు బిరడా కరిగి ఆవిరి కొలిమిలోకి దూకుతుంది. నీళ్ళు ఎక్కిద్దామంటే చన్నీళ్ళకు ఆవిరి ఒత్తిడి పడిపోతుంది, ఇక బండి ఎటూ కదలదు. నీళ్ళు ఎక్కించాడు. ఒత్తిడి పడిపోయింది. ముందుకు పోవడం కల్ల. గార్డు అనుమతి లేకుండా బండిని వెనక్కి జరపకూడదు, గార్డు ఆ కొసన సొరంగం బయట ఎక్కడో ఉన్నాడు. వెనక్కి పంపే ధైర్యం తనకు లేదు, చదువు లేదు, డ్రైవరు కాదు.

"మా యమ్మ ముత్యాలపాడు మనిషి. చిన్నప్పుడు మోకాళ్ళేపిచ్చేది. నేను గుడిమొగం సూసి ఇరవయ్యేండ్లయ్యుండె. మాటలు గుర్తు రాల్యా అయ్యగారూ. 'అమ్మ దేవుడా' అన్న్యా. అంతే." ఈల వేసి, బ్రేకు వదిలి, వాలుకు బండిని మెల్లగా వెనక్కి జారనిచ్చాడు. గార్డు ఏమనుకున్నాడో, తన బ్రేకు పట్టి పట్టి వదిలాడు. ఇంజిను సొరంగం బయటికి వచ్చేసరికి వాన పడుతోంది. డ్రైవరును కిందికి దించి వానలో పడుకోబెట్టారు. కళ్ళు తెరిచాడు.

తరువాత విచారణ జరిగింది. గార్డు ఉన్నదున్నట్టు చెప్పాడు, ఉద్యోగం నిలిచింది. ఆ ఆదివారమే తాత గుడికి పోయాడు.

అదీ ఆయన సాక్ష్యం. ప్రతిసారీ గాజు గొట్టంతో మొదలుపెట్టింది అందుకే. అది అర్థం కాకపోతే తరువాతది అర్థం కాదు. మేము ఆయనను ఏనాడూ సొరంగం దాకా రానివ్వలేదు.

ఆయన ఆ మాట చెప్పి ముగించేలోగానే మా బండి కొత్త సొరంగంలోకి దూరింది. పెట్టెలో దీపాలు వెలిగాయి. పొగ లేదు, మసి లేదు. ఆయన మాత్రం అలవాటు చొప్పున భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మగారు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మిగతాది త్వరగా చెబుతాము. మన దేశంలో ఆవిరి ఇంజిన్ల తయారీ 1972తో ఆగిపోయింది. ఆ తర్వాత ఉన్నవాటితో నడిపారు, వైడీఎం-4 డీజిల్ ఇంజిన్లు ఒక్కొక్కటిగా వచ్చి వాటి చోటు తీసుకున్నాయి. పెద్ద లైను మీద చివరి ఆవిరి బండి 1995 డిసెంబరులో పంజాబులో నడిచింది. ఫైర్‌మన్లను డీజిల్ సహాయకులుగా మార్చడానికి పరీక్ష పెట్టారు. కంటి చూపు దగ్గర తాత తప్పాడు. గేటు దగ్గర వేశారు. పచ్చజెండా పట్టుకుని, తన కింద పనిచేసినవాళ్ళు డీజిల్ మీద పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో ఈ సంగతి రెండేళ్ళు చెప్పలేదు. నలుపు అంటని చొక్కా చూసి భార్యే కనిపెట్టిందట.

గుంటూరు నుండి వచ్చాక, ఆ నెల సాక్ష్యాల కూడికలో మేమే లేచి సంఘం ముందు ఆయనను క్షమాపణ అడిగాము. ముఖం ఆయన వైపు తిప్పి, పెదవులు కనిపించేటట్టు, మెల్లగా. ఆ రోజు ఆయన ముప్పావుగంట మాట్లాడాడు. మీలో చాలామంది విన్నారు. మధ్యలో కరెంటు పోయినా ఎవరూ లేవలేదు.

ఇప్పుడు పార సంగతి. గుడిలో గోడకు తగిలించాలని కొందరు, గాజు పెట్టెలో పెట్టాలని కొందరు అన్నారు. సోమవారం ప్రహరీ గోడ పని మొదలైంది. మేము భోజనం చేసి వచ్చేసరికి యవనస్థులు దాన్ని బయటికి తీసి ఇసుక ఎత్తుతున్నారు. మా గుండె ఝల్లుమంది, వద్దనబోయి ఊరుకున్నాము. ఒకడు విసుక్కుంటున్నాడు. "పిడి పొట్టిది అయ్యగారూ, ఒక్కసారి గూడా సరిగ్గా పడల్యా." పార అందుకుని, ఆ రోజు రైల్లో తాత గాలిలో చూపించినట్టు మణికట్టు తిప్పి విసిరాము. సగం ఇసుక మా చెప్పుల మీదే పడింది. పిల్లలు నవ్వారు. మళ్ళీ ఎత్తాము.