గాలిలో కుట్టు

వెనీసు నగరమును దర్శింప వెళ్లినవారు సాధారణముగా సాన్ మార్కో దేవాలయపు గుమ్మటములను, రియాల్టో వంతెనను మనస్సున నిలుపుకొని మరలి వత్తురు. నేనును వానిని చూచితిని. కాని నేడు వెనీసు పేరు వినబడగానే నా కన్నులకు కట్టునది, బురానో ద్వీపమున ఒక కిటికీ ప్రక్క, ఒడిలో దిండు పెట్టుకొని కూర్చుండిన ఒక వృద్ధురాలి వ్రేళ్లు.

ఆనాడు ప్రాతఃకాలముననే ఒంటరిగా బయలుదేరి, గొండోలా పడవలు కట్టు సాన్ త్రొవాసో కర్మశాలను కాలువ ఆవలి గట్టునుండి చూచితిని. నీటి నడుమ నున్నను అది కొండయూరి కొయ్యయింటివలె కనబడును. ఏలయన, ఆ పనివారిలో పలువురు కలపతోపాటు కదోరే పర్వతసీమనుండి దిగివచ్చినవారట. 11 మీటర్లకు దాపు పొడవుగల గొండోలాను 8 జాతుల కలపతో, 280 ముక్కలను కూర్చి కట్టుదురు. తెడ్డు ఒక్కటియే, అదియు కుడివైపుననే పడును గనుక, ఎడమప్రక్కను 24 సెంటీమీటర్లు వెడల్పు చేసి, పడవ దేహమునే వంకరగా నిర్మింతురు. ఆ వంకర వలననే అది తిన్నగా సాగిపోవుచున్నది. గోదావరి కాలువల గట్లపై గూటిపడవలను చూచుచు పెరిగిన నేను ఆ వడ్రంగుల లెక్కకు మనసార మ్రొక్కితిని.

అటుపిమ్మట స్టీమరెక్కి మురానోలో దిగితిని. అగ్నిభయముచే గాజుకొలుములన్నిటిని నగరమునుండి ఈ ద్వీపమునకు తరలింపవలెనని 1291లో వెనీసు గణరాజ్యము శాసించెను. ఎఱ్ఱగా కరగిన గాజుముద్ద ఊపిరితో ఉబ్బి పాత్రయగుట కన్నులపండువే గాని, చూపు తనివితీరకమునుపే మమ్ము అంగడిలోనికి తోలిన తొందర నాకు రుచింపలేదు. గంటలోపలనే మరల పడవ యెక్కితిని.

బురానో జాలరుల పల్లె. ఇండ్లకు పసుపు, నీలి, ఎఱుపు, ఆకుపచ్చ రంగులు వేసి, కాలువ నీటిలో ఆ రంగులను మరియొకమారు చూచుకొందురు. అచ్చటి లేసు ప్రదర్శనశాల పూర్వము పాఠశాల. చలికి సముద్రపు కయ్యలు గడ్డకట్టి, వేట లేక పల్లె యాకలిగొన్న యొక శీతకాలమున, స్త్రీలకు జీవనాధారము కల్పింపవలెనని, ఒక్క వృద్ధురాలి చేతిలో మాత్రము మిగిలియుండిన విద్యను నేర్పుటకై దానిని 1872లో స్థాపించిరి. ఒకనాడు ఈ విద్యను కోరి ఫ్రాన్సురాజు మంత్రి కొల్బేరు వెనీసు లేసుపనివారిని తన దేశమునకు రప్పించుకొనెనన్నచో, దాని విలువ యెట్టిదో ఊహింపవచ్చును.

నేను ప్రవేశించునప్పటికి లోపలి గదిలో, కిటికీ ప్రక్క, నేను మొదట చెప్పిన వృద్ధురాలు కుట్టుచుండెను. ఈ పనికి 'గాలిలో కుట్టు' అని వారి భాషలో పేరు. కాగితముపై చిత్రము గీసి, దానిని గుడ్డమడతలపై కుట్టి, గీతల వెంట దారము పరచి, ఆ దారమునే ఆధారముగా గొని, సూదితో నడుమ నడుమ పూవులను, ఆకులను, వలలను అల్లుదురు; పని ముగిసినపిమ్మట మడతల నడుమ కత్తెర పోనిచ్చి కుట్లు తెంపగా, గుడ్డయు కాగితమును తొలగిపోయి లేసు మాత్రము మిగులును. ఒక్కొక్కరు ఒక్కొక్క కుట్టునందే ఆరితేరుదురు గావున, ఒక్క ముక్క పెక్కుచేతులు మారినగాని పూర్తికాదు.

నా సంచిలో మా అమ్మమ్మ అంచు అల్లిన చేతిరుమాలు కలదు. ఆమెది నరసాపురము. ఏమి తోచెనో, దానిని తీసి ఆ వృద్ధురాలికి అందించితిని. ఆమె పూవుల నటుంచి, మొదట రుమాలును త్రిప్పి వెనుకవైపు చూచెను. ముళ్లను వ్రేలితో తడవి, చూపుడువ్రేలిని కొక్కెమువలె వంచి, "ఉంచినెత్తో" అని నవ్వెను. తమది సూదిపని, మాది కొక్కెపుపని యని ఆమె భావము. భాష తెలియని ఇద్దరికిని అంతకుమించిన సంభాషణ అక్కరలేకపోయెను.

నరసాపుర ప్రాంతమున మిషనరీలు నేర్పిన ఆ లేసుపని వీధి అరుగులపై ఇంటింట వ్యాపించి, దొరల దేశములకు ఎగుమతి యాయెను. కాని అల్లినవారి పేరు దానివెంట పోలేదు. వారి శ్రమను పనిగా గాక గృహిణుల తీరికవేళ వ్యాపకముగా లెక్కించుచున్నారని మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ఒక గ్రంథమే వ్రాసెను. బురానోలో ఆ పనికి భవనము కలదు, దీపములు కలవు, గాజుపెట్టెలు కలవు. మా అమ్మమ్మకు అరుగు మాత్రము కలదు.

సాయంకాలము నగరమునకు మరలి, మార్కోపోలో కుటుంబము నివసించెనని చెప్పు మిలియోన్ ముంగిలిలో కొంతసేపు నిలిచితిని. 13వ శతాబ్దాంతమున అతడు మోటుపల్లిసీమను గూర్చి చెప్పుచు, అచ్చటి వస్త్రములు సాలెగూటివలె సన్ననివని కొనియాడెను. ఏడువందల యేండ్లనాడు ఒక వెనీసువాడు తెలుగుచేతుల పనికి అబ్బురపడెను. నేడు నేను అతని ఊరి చేతులకు అబ్బురపడితిని. ఋణము తీరినదని యనుకొనలేను.

నరసాపురము వెళ్లు పాఠకులకు నా విన్నపమొక్కటే: లేసు కొనునప్పుడు దానిని త్రిప్పి వెనుకవైపు చూడుడు, అల్లిన యామె చెప్పిన వెలలో ఒక్క రూపాయియు తగ్గింపుమని అడుగకుడు.