అడుగులకు అరిసెలు

పసిబిడ్డ ఎదుగుదలను లెక్కించడానికి తెలుగువారి వంటింట్లో ఒక పంచాంగం ఉంది. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, అడుగు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. హైదరాబాదు పాతబస్తీలో లాల్ దర్వాజా, షాలిబండ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఈ లెక్క సాగుతుండగా, గోడకు ఆవలి ముస్లిం కుటుంబాల లెక్క మరొకటి. ఏడవ నాడు అఖీఖా, నలభై రోజులకు చిల్లా స్నానం, నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా వేడుక. రెండిళ్ళ తీపి వేరైనా ముచ్చట ఒక్కటే.

వీటిని ఉత్త ముచ్చటలని కొట్టిపారేయరాదు. బొబ్బట్లు వండడానికి ముందు బిడ్డ బోర్లాపడడాన్ని ఎవరో ఒకరు కళ్ళారా చూసి ఉండాలి గదా! అన్నప్రాశన నాడు పుస్తకం, బంగారం, కత్తి వంటివి ఎదుట పెట్టి బిడ్డ దేనిని ముట్టుకుంటుందోనని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. బిడ్డ పండితుడవుతాడో వర్తకుడవుతాడో ఆ ముట్టుకోవడం చెప్పజాలదు. ఆరవ నెలలో చేయి చాచి వస్తువును అందుకోగలుగుతున్నాడని మాత్రం చెబుతుంది. వైద్యులు చూసేదీ అదే. బిగుసుకుపోయిన మొలతాడును విప్పి మళ్ళీ కట్టే అమ్మమ్మ బిడ్డ ఒళ్ళు చేసిన సంగతిని ఏ తూనికా లేకుండానే గ్రహిస్తుంది.

ఇటువంటి గమనింపును కాగితం మీదికి ఎక్కించినవారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. 1839లో పుట్టిన తన తొలిబిడ్డ చేష్టలను ఆయన పుస్తకంలో రాసిపెట్టుకొని, 1877లో ఒక వ్యాసంగా ప్రకటించాడు. ఆ బిడ్డ 45వ రోజున నవ్విన సంగతి కూడా అందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన అధ్యయనం ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో 816 మంది పిల్లలను గమనించింది. ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 నెలలకు మొదలై 9.2 నెలల దాకా ఎప్పుడైనా జరగవచ్చునని, ఒంటరిగా నడవడం 8.2 నుండి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చునని తేలింది. నూటికి నలుగురైదుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు. వారి ఇళ్ళు ఏ పాతబస్తీలోనో ఉండి ఉంటే ఎంతమంది బామ్మలు బెంగపడి ఉండేవారో! పదో నెలలోనే పక్కింటి బిడ్డ నడిచిందని మన బిడ్డను నిలబెట్టి లాగడం అనవసరమైన తొందర. నెలలు నిండకుండా పుట్టిన శిశువు వయస్సునైతే పుట్టిన నాటి నుండి గాక, పుట్టవలసిన నాటి నుండి లెక్కించాలి.

అయితే వంటింటి పంచాంగంలో ఒక లోటున్నది. అది అధికంగా ఒంటి కదలికలనే లెక్కిస్తుంది. మాటలు వచ్చాక పంచడానికి పంచదార చిలకలున్నాయి గాని, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి చూసినందుకు ఏ పిండివంటా లేదు. కావలసినదాన్ని వేలితో చూపినందుకు అసలే లేదు. చెవులు వినిపించని శిశువు కూడా తొలి నెలల్లో అందరిలాగానే ‘ఉంగా’ అంటాడు, నవ్వుతాడు, వేళకు నడుస్తాడు. బొబ్బట్లూ అరిసెలూ అన్నీ సకాలంలో పంచిపెడతారు. మాటలు రాలేదని ఇంట్లో ఎవరైనా అంటే, “వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి లే!” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ‘లే’ అన్న ఒక్క అక్షరం వెనుక రెండేళ్ళు గడిచిపోతాయి. మెదడు భాషను అతి సులువుగా అందుకొనే కాలం సరిగ్గా అదే. ఏడాది నిండినా ముద్దుపలుకులు గాని, చేతి సైగలు గాని లేకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా వేచి ఉండరాదు.

పాతబస్తీలో ఈ మాటల లెక్కకు మరొక చిక్కున్నది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు వచ్చాయి. తల్లి చేతిలో ఎదుగుదల కార్డు ఉంది. కాని టీచరుది తెలుగు, తల్లిది దక్కనీ ఉర్దూ అయినచోట బిడ్డ మాటలను ఏ భాషలో లెక్కించాలి? ఇంట్లో ‘పానీ’, వీధిలో ‘తాత’, కోపం వస్తే ‘నక్కో’ అనే బిడ్డకు మూడు మాటలు వచ్చినట్లే. ఒక్క తెలుగునే లెక్కిస్తే వాడు వెనుకబడినవాడిగా కనిపిస్తాడు. మరికొందరు రెండు భాషలు వినడం వల్లనే మాటలు ఆలస్యమవుతాయనుకొని నిశ్చింతగా కూర్చుంటారు. రెండు భాషలు ఏ పసివాడి నోటినీ కట్టివేయవు. ఈ అపోహ వల్ల చెవిపరీక్ష వాయిదా పడితే మాత్రం ముప్పు.

పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స జరగాలన్నది నిపుణులు పెట్టుకొన్న గడువు. ఎదుగుదలలో జాప్యాన్ని బాల్యంలోనే కనిపెట్టడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. మూసీ దాటి వెళితే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో, 1984లో ఏర్పడిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ పేరు మార్చుకొని నేటికీ పనిచేస్తున్నది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబయిలో వెలసిన వినికిడి సంస్థకు కూడా అక్కడ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. వినికిడి తొలి పరీక్షలో సూది లేదు, కోత లేదు. చెవిలో ఒక మెత్తని గొట్టం పెట్టి సన్నని శబ్దాలు వినిపించి, లోపలి చెవి ఇచ్చే బదులును యంత్రంతో పట్టుకొంటారు. పాలు తాగి పడుకొన్న బిడ్డ నిద్ర లేవకముందే అది ముగిసిపోతుంది.