మంచు పెట్టే ముహూర్తం

మన ఇళ్లలో దూరప్రయాణమంటే పంచాంగం తియ్యవలసిందే. వర్జ్యం, రాహుకాలం, వారశూల చూసుకుని గాని పెద్దవాళ్లు గడప దాటనివ్వరు. అమెరికాలో దేశం ఈ కొసనుంచి ఆ కొసకు కాలినడకను పోయేవాళ్లకు కూడా ఒక పంచాంగం ఉందని మా అన్నయ్య కూతురి వల్ల తెలిసింది. అయితే దాన్ని గుణించేది సిద్ధాంతిగారు కాదు, మంచు!

పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే ఆ కొండదారి మెక్సికో సరిహద్దున కాంపో దగ్గర మొదలై కెనడా సరిహద్దు దాకా 2,650 మైళ్లు సాగుతుంది. నడక సుమారు అయిదు నెలలు. చిక్కంతా బయలుదేరే రోజుతోనే. తొందరపడితే, 700 మైళ్ల తరవాత వచ్చే సియెర్రా నెవాడా కొండల్లో చలికాలపు మంచు కరిగి ఉండదు. ఆలస్యం చేస్తే మొదట ఎడారి మాడ్చేస్తుంది, చివర వాషింగ్టన్ రాష్ట్రపు కొండల్లో కొత్త మంచు ఎదురొస్తుంది. అందుకని చాలామంది ఏప్రిల్ మధ్యకూ మే మొదటి రోజులకూ నడుమ బయలుదేరతారు.

పోనీ, ఆ లెక్క ఏటా ఒకటేనా? కాదు. కాలిఫోర్నియా వాళ్లు మంచులోకి గొట్టం దించి, తూచి, అందులో నీరెంతో కడతారు. ఏప్రిల్ మొదటి రోజుల లెక్క ముఖ్యం. 2015లో అది మామూలులో 5 శాతం. 2023లో 237 శాతం!

మా పిల్లకు సెలవు దొరికింది సరిగ్గా ఆ 2023లోనే. జూన్‌లో సియెర్రా గుమ్మమనదగ్గ కెన్నెడీ మెడోస్ చేరి, అక్కడ ఆగిపోయింది.

"తెల్లవారుజామున మంచు గట్టిగా ఉంటుంది బాబాయ్, నడవొచ్చు. ఎండెక్కితే తొడలదాకా దిగబడతాం. దానికీ భయంలేదు. పగలు కరిగిన నీరంతా సాయంత్రానికి ఏరుల్లో పడుతుంది. భయం ఆ ఏరులతోనే" అంది ఫోనులో. మంచు విరివిగా పడిన 2017లో అక్కడి ఏరుల్లో ఇద్దరు స్త్రీలు కొట్టుకుపోయి మరణించారు.

అన్నయ్యకు ఇది నచ్చలేదు. "ఆర్నెల్లు సెలవు పెట్టి సగంలో ఆగడమేమిటే? వరసగా నడిస్తేనే గదా యాత్ర!" అన్నాడు.

"వరస కోసం ప్రాణం పెట్టమంటావా నాన్నా?" అందిట.

వదిన మాత్రం, "కొండ ఎక్కడికీ పోదమ్మా" అని ఊరుకుంది.

ఆ పిల్ల కొన్నాళ్లు ఆగి, ఉత్తరాదికి పోయి ఆరెగాన్, వాషింగ్టన్ భాగాలు ముందు నడిచింది. సెప్టెంబరులో మళ్లీ సియెర్రాకు వచ్చి, ఆ దారికంతటికీ ఎత్తయిన 13,153 అడుగుల ఫారెస్టర్ కనుమ దాటింది. జూన్‌లో హోరెత్తిన ఏరుల్లో నీళ్లు అప్పటికి మోకాలికి కూడా రాలేదట.

మన కథల్లో వీరుడు ముందుకే దూకుతాడు. ఆగినవాణ్ణి పిరికివాడంటాం. ఆ పిల్ల భయపడి ఆగలేదు, లెక్క చూసుకుని ఆగింది. వర్జ్యం ఎప్పుడు వస్తుందో చూసే మనం, అదీ కొన్ని గడియలేనన్న సంగతి మరిచిపోతాం. కాస్త ఓర్చుకుంటే అదే దాటిపోతుంది. ఆ తరవాత దారి మనదే.